ఫారిన్ రోడ్డు మీద మన నంబర్ ప్లేట్: అసలు ప్రమాదం ఎక్కడ?

కొన్ని నెలలుగా ఒకటే ప్రశ్న రకరకాలుగా నా దగ్గరికి వస్తోంది. "అన్నా, హైదరాబాద్ నుంచి బైక్ మీద నేపాల్ పోదామనుకుంటున్నాం. బండికి టీజీ నంబర్. అక్కడ మన ప్లేట్ చూసి ఆపి డబ్బులు గుంజుతారంట, నిజమేనా?" ఒక తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేసి, "ప్లేట్ మీద కొంచెం బురద పూసి పోతే ఎట్లుంటది?" అని అడిగాడు. ఈ రోజు ఎపిసోడ్ అంతా దీని మీదే.

నేపాల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. కారణం సింపుల్. మన కుర్రాళ్లు సొంత బైక్ మీద వెళ్లే విదేశాల్లో దాదాపు మొదటిది అదే. వీసా అక్కర్లేదు, రోడ్డుకి ఎడమ వైపే డ్రైవింగ్, హైదరాబాద్ నుంచి గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ బోర్డర్ సుమారు 1,500 కిలోమీటర్లు. ఇంత ఈజీగా ఉండటం వల్లే అది వేరే దేశం అన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫారిన్ ప్లేట్ వల్ల దొంగతనం జరుగుతుందని, లంచం అడుగుతారని మనం భయపడతాం. అవి ఉండొచ్చు. కానీ అసలు దెబ్బ తగిలేది యాక్సిడెంట్ అయినప్పుడు, లేదా ఆ దేశంలో గొడవలు మొదలైనప్పుడు. ఆ టైంలో ప్లేట్ మిమ్మల్ని బయటివాడిగా చూపిస్తుంది. మరి ఆ ప్లేట్ వెనక సరైన కాగితాలు ఉన్నాయా లేవా అన్నదే మీరు రెండు రోజుల్లో ఇంటికొస్తారా, రెండు నెలలు తిరుగుతారా అన్నది తేలుస్తుంది.

ప్లేట్ ఏం చెప్తుంది?

నేపాల్‌లో సొంత బండ్లకి ఎక్కువగా ఎర్ర ప్లేట్ మీద తెల్ల అక్షరాలుంటాయి. చాలా ప్లేట్ల మీద రాత దేవనాగరిలోనే ఉంటుంది. మనది తెల్ల ప్లేట్ మీద నల్ల అక్షరాలు. అంటే వంద మీటర్ల దూరం నుంచే తెలిసిపోతుంది, ఇది ఇండియా బండి అని. బండి మీద లగేజ్ బ్యాగులు, హ్యాండిల్‌కి ఫోన్, హెల్మెట్‌కి కెమెరా. చూసేవాడికి ఏం అర్థమవుతుంది? వీడు ఈ ఊరివాడు కాదు, దగ్గర డబ్బుంది, ఇక్కడి రూల్స్ తెలియవు, రేపటికి వెళ్లిపోతాడు.

ఇందులో మంచి కూడా ఉంది. దారి తప్పితే పిలిచి చెప్పేవాళ్లుంటారు, టీ ఇచ్చి కబుర్లు చెప్పేవాళ్లుంటారు. టూరిస్ట్ అని పోలీసులు నవ్వి వదిలేసే సందర్భాలూ ఉంటాయి. కాబట్టి ప్లేట్ చూడగానే అందరూ మీద పడిపోతారు అనుకోవద్దు.

ఇప్పుడు బురద పూసే తమ్ముడి సంగతి. ప్లేట్ దాచడం, లోకల్ నంబర్ లాంటిది తగిలించుకోవడం, ఈ రెండూ చేయకండి. బోర్డర్‌లో మీకు ఇచ్చే పర్మిట్ మీద మీ నంబర్ రాసి ఉంటుంది. రోడ్డు మీద ప్లేట్, చేతిలో కాగితం కలవకపోతే ఇక మీరు టూరిస్ట్ కాదు, దొంగ బండి తోలుతున్న అనుమానితుడు. అప్పటిదాకా మామూలు చెకింగ్ అయినది ఒక్క సెకనులో కేసు అవుతుంది.

దాచాల్సినవి వేరే ఉన్నాయి. మన దగ్గర బైకుల మీద ప్రెస్, పోలీస్, ఆర్మీ అని స్టిక్కర్లు వేయడం అలవాటు. పార్టీ జెండా, నాయకుడి బొమ్మ, రెచ్చగొట్టే స్లోగన్, ఇవన్నీ బయల్దేరే ముందే పీకేయండి. మీ తమ్ముడు సరదాగా అంటించిన ఆర్మీ స్టిక్కర్ బోర్డర్ దగ్గర సరదాగా ఉండదు. ఫ్యాన్సీ అక్షరాల ప్లేట్ ఉంటే తీసేసి హై సెక్యూరిటీ ప్లేట్ పెట్టించండి. ఇంకో విషయం, తెలంగాణలో కొత్త బండ్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. పాత టీఎస్ నంబర్ చెల్లుతుంది, కంగారు పడొద్దు. ఆర్సీలో ఏముందో ప్లేట్ మీద అదే ఉండాలి, అంతే.

ఇంకా దూరం వెళ్లే ప్లాన్ ఉంటే, తెల్లటి కోడిగుడ్డు ఆకారంలో నల్లగా ఐఎన్‌డీ అని రాసిన స్టిక్కర్ వెనకాల అంటించుకోవాలి. అంతర్జాతీయ రోడ్డు ఒప్పందాల ప్రకారం బండి ఏ దేశానిదో చెప్పే గుర్తు అది.

బోర్డర్ దగ్గర: భన్సార్

నేపాలీలో కస్టమ్స్‌ని భన్సార్ అంటారు. మన బైకర్లు "భన్సార్ తీసుకున్నావా?" అని అడిగేది ఆ పర్మిట్ గురించే. సునౌలీ, రక్సౌల్, పానీటంకీ, జోగ్‌బని, రుపైదిహా, బన్‌బసా, ఎటు నుంచి వెళ్లినా అవతల పక్క కస్టమ్స్ ఆఫీసులో రోజుల లెక్కన ఫీజు కట్టి కాగితం తీసుకోవాలి. ఆ కాగితం ఏమంటుందంటే, ఈ బండి తాత్కాలికంగా వచ్చింది, ఫలానా రోజుకి తిరిగి వెళ్లిపోతుంది అని. గడువు దాటితే ఫైన్ పడుతుంది, బండి పట్టుకునే అవకాశం కూడా ఉంది.

ఇక్కడ రెండు చోట్ల మనవాళ్లు దెబ్బ తింటారు.

ఒకటి, బోర్డర్‌లో ఎవరూ ఆపలేదు కదా అని అలాగే దూరిపోవడం. ఓపెన్ బోర్డర్, లోకల్ జనం సైకిళ్ల మీద అటూ ఇటూ తిరుగుతుంటారు, మీరు కూడా ఆ గుంపులో వెళ్లిపోగలరు. కానీ లోపల హైవే మీద చెకింగ్‌లో మొదట అడిగేది ఆ కాగితమే. కాగితం లేని ఇండియా బండి అంటే అక్కడి లెక్కలో పన్ను ఎగ్గొట్టి తెచ్చిన బండి.

రెండు, తేదీ. నేపాల్ ఆఫీసులు నడిచేది విక్రమ సంవత్ క్యాలెండర్ మీద. మన 2025 ఏప్రిల్ మధ్యలో అక్కడ 2082 మొదలైంది. నెలల పేర్లు వింటే వైశాఖం, ఆషాఢం లాగే మనకు తెలిసినట్టు ఉంటాయి. కానీ అది మన తెలుగు పంచాంగం లెక్క కాదు, వాళ్ల నెలలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. కాబట్టి కాగితం తీసుకోగానే కౌంటర్‌లోనే అడగండి: "చివరి రోజు మా లెక్కలో ఏ తారీఖు?" ఆ తారీఖు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మీరు తిరిగే ప్లాన్ ఎనిమిది రోజులైతే భన్సార్ పది, పదకొండు రోజులకి తీసుకోండి. వానాకాలంలో ఇంకా ఎక్కువ. నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ వెళ్లే రోడ్డు త్రిశూలి నది పక్కనే వెళ్తుంది. 2024 జూలైలో అదే దారిలో కొండచరియ విరిగిపడి రెండు బస్సులు నదిలో కొట్టుకుపోయాయి. అలాంటి వానల్లో రోడ్డు రోజుల తరబడి మూసేయొచ్చు. పర్మిట్ రేపటితో అయిపోతుందని, పడుతున్న రాళ్ల కింద నుంచి బండి తోలుకుని వచ్చే పరిస్థితి తెచ్చుకోకండి. రెండు రోజుల ఫీజు మిగుల్చుకోవడానికి ప్రాణం పెట్టకూడదు.

ఫోన్‌లో ఉంది కదా అంటే కుదరదు

మనం డిజిలాకర్‌కి అలవాటు పడ్డాం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఫోన్ చూపిస్తే చాలు. అది మన దేశపు రూల్ కాబట్టి చెల్లుతుంది. బోర్డర్ దాటిన తర్వాత ఆ రూల్ అక్కడి పోలీసుని కట్టిపడేయదు. ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్స్, ఒరిజినల్ ఆర్సీ కార్డ్, ఇన్సూరెన్స్ ప్రింట్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇవి చేతిలో ఉండాలి. ఒక్కోటి మూడు జెరాక్సులు. ఒక సెట్ లగేజ్‌లో, ఒక సెట్ వెనక కూర్చున్నవాళ్ల దగ్గర, ఒక సెట్ ఇంట్లో అమ్మ దగ్గరో అన్న దగ్గరో.

ఐడీ కార్డ్‌గా పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డ్ గానీ పెట్టుకోండి. ఆధార్ చాలు అనుకుంటారు. 15 ఏళ్లలోపు పిల్లలకి, 65 దాటిన పెద్దవాళ్లకి తప్ప మిగతావాళ్లకి నేపాల్ ప్రయాణానికి ఆధార్‌ని లెక్కలోకి తీసుకోరు.

బండి మీ పేరు మీద లేకపోతే ఇంకో జాగ్రత్త. నాన్న బండి, బావ బండి, ఫ్రెండ్ బండి ఏదైనా సరే, ఓనర్ సంతకంతో నోటరీ చేయించిన అనుమతి లెటర్ ఉండాలి. పేరు కలవని ఆర్సీ, ఫారిన్ ప్లేట్, రెండూ కలిస్తే ఎవరికైనా దొంగ బండి అనే అనిపిస్తుంది. లోన్ ఇంకా నడుస్తుంటే బ్యాంక్ నుంచి అభ్యంతరం లేదని కాగితం తీసుకోండి. నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాల రెంటల్ బైక్ అయితే, దేశం దాటించొచ్చా అని అద్దె కాగితంలో రాసి ఉందో లేదో ముందు చూడండి. నోటి మాట నమ్ముకోవద్దు.

ఎవరూ అడగని ప్రశ్న: ఇన్సూరెన్స్

రైడింగ్ జాకెట్‌కి పదిహేను వేలు పెడతారు, కెమెరాకి నలభై వేలు పెడతారు. "నీ ఇన్సూరెన్స్ నేపాల్‌లో పనిచేస్తుందా?" అంటే నీళ్లు నములుతారు.

మన మామూలు బైక్ పాలసీలో, అది ఎక్కడ పనిచేస్తుంది అన్న చోట ఇండియా అని ఉంటుంది. సునౌలీ గేటు దాటిన నిమిషం నుంచి ఆ కవర్ లేనట్టే. దీనికి దారి ఉంది. ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్ ఉంటుంది, అంటే భౌగోళిక పరిధి పెంచడం. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ దేశాలకి పాలసీని దీంతో పొడిగించుకోవచ్చు. కొంచెం అదనపు ప్రీమియం కట్టాలి. బయల్దేరడానికి రెండు వారాల ముందే మీ కంపెనీకి మెయిల్ పెట్టి, "నేపాల్‌కి ఐఎంటీ-1 కావాలి" అని అడగండి. ఏజెంట్ "అదేం అక్కర్లేదు, నేను చూసుకుంటా" అంటే వినకండి. ఎండార్స్‌మెంట్ కాగితం మీద దేశం పేరు, తేదీలు కనబడాలి. ఇంకోటి, ఓడ మీదో విమానంలోనో బండి వెళ్తున్నప్పుడు జరిగే నష్టానికి ఈ పొడిగింపు వర్తించదు. బోర్డర్ దగ్గర అక్కడి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సంగతి కూడా అడగండి. ఎందుకంటే అక్కడి పోలీస్ స్టేషన్‌లో మన పాలసీ కంటే వాళ్లకి తెలిసిన కాగితానికే విలువ ఎక్కువ.

ఇది బండి ఇన్సూరెన్స్. మీ ఒంటికి వేరే ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. తీసుకునేటప్పుడు మోటార్ సైకిల్ నడపడం కవర్ అవుతుందా, ఎన్ని సీసీ దాకా, ఎంత ఎత్తు ప్రాంతం దాకా, ఈ మూడూ చదవండి. ముస్తాంగ్ లాంటి చోట ఎముక విరిగితే హెలికాప్టర్ మీద దించాల్సి రావచ్చు. ఆ బిల్లు మీ బైక్ ధరని దాటిపోగలదు.

యాక్సిడెంట్ అయితే

మా ఫ్రెండ్ ఒకతను, వరంగల్ కుర్రాడు, తెరాయి ప్రాంతంలో ఒక చిన్న బజార్ మీదుగా వెళ్తున్నాడు. స్పీడ్ కూడా ఎక్కువ లేదు. ఒక పెద్దాయన సైకిల్ మీద అడ్డంగా వచ్చాడు, తగిలి పడ్డాడు, చేయి విరిగింది. రెండు నిమిషాల్లో యాభై మంది చేరారు. తప్పెవరిది అన్న చర్చే లేదు. తెల్ల ప్లేట్ ఎవరిదో తప్పు వాడిదే. ఇందులో వాళ్లని అనడానికి కూడా ఏమీ లేదు. మన ఊళ్లో వేరే రాష్ట్రం బండి ఎవరినైనా గుద్దితే మనం ఏమంటాం? వీడు వెళ్లిపోతాడు, తర్వాత వీడిని ఎక్కడ వెతుకుతాం, ఇప్పుడే తేల్చాలి అనేగా. అక్కడా అదే భయం.

అతను చేసిన పని ఒక్కటే. పారిపోలేదు, వాదించలేదు. ఆయన్ని ఆటోలో ఎక్కించి హాస్పిటల్‌కి తనే వెంట వెళ్లాడు, అక్కడి నుంచి పోలీసులకి ఫోన్ చేయించాడు. బండి మూడు రోజులు స్టేషన్‌లో ఉంది. భన్సార్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ పక్కాగా ఉన్నాయి కాబట్టి మాట వేరే వైపు పోలేదు. చికిత్స ఖర్చుల మీద స్టేషన్‌లోనే రాతపూర్వకంగా రాజీ అయింది. అదే భన్సార్ లేకపోయి ఉంటే? విరిగిన చేయి ఒక కేసు, పన్ను కట్టని బండి ఇంకో కేసు. అప్పుడు ఇంత తేలిగ్గా బయటపడేవాడు కాదు.

కాబట్టి ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. నేపాల్‌లో పోలీస్ 100, అంబులెన్స్ 102, ట్రాఫిక్ పోలీస్ 103, టూరిస్ట్ పోలీస్ 1144. ఫోన్‌లో సేవ్ చేయడంతో పాటు ట్యాంక్ మీద స్టిక్కర్‌లా రాసి అంటించండి. ఫోనే పగిలిపోతే?

జనం కొట్టేలా ఉన్నారనిపిస్తే అక్కడే నిలబడాలని రూల్ ఏమీ పెట్టుకోకండి. దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కి నేరుగా వెళ్లి, "ఫలానా చోట యాక్సిడెంట్ అయింది, నేనే నడిపాను" అని చెప్పండి. హోటల్‌కో బోర్డర్ వైపుకో వెళ్తే పారిపోయినట్టు. స్టేషన్‌కి వెళ్తే లొంగిపోయినట్టు. తేడా చాలా పెద్దది.

రోడ్డు మీదే డబ్బులిచ్చి సెటిల్ చేసుకోమంటారు. పోలీసుల సమక్షంలో, కాగితం మీద రాయకుండా ఇవ్వకండి. ఈ రోజు ఒక అన్నకి ఇస్తే రేపు ఇంకో తమ్ముడు వస్తాడు. చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం అస్సలు పెట్టొద్దు. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది, హిందీ తెలిసినవాళ్లు చుట్టూ ఉంటారు, చదివించుకోండి.

ఆవుల విషయంలో ఇంకా జాగ్రత్త. నేపాల్‌కి ఆవు జాతీయ జంతువు, గోవధ అక్కడ నేరం. తెరాయి హైవేల మీద సాయంత్రం వేళ ఆవులు రోడ్డు మధ్యలోనే పడుకుంటాయి. కావాలని గుద్దలేదు అని నిరూపించుకునే లోపు మీ సెలవులు అయిపోతాయి. చీకటి పడ్డాక బండి తోలకపోవడం ఒక్కటే మందు.

అరెస్ట్ దాకా వెళ్తే మీకు ఒక హక్కుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం, మీ దేశపు ఎంబసీకి తెలియజేయమని మీరు అడగొచ్చు. ఖాట్మండులో మన ఎంబసీ లైన్‌చౌర్‌లో ఉంది. వాళ్లు లాయర్ల వివరాలిస్తారు, ఇంటికి కబురు పంపుతారు. మిమ్మల్ని విడిపించుకుని తీసుకెళ్లడం మాత్రం వాళ్ల చేతిలో ఉండదు. మన విదేశాంగ శాఖకి మదద్ అనే పోర్టల్ ఉంది, అందులో ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంకో చిన్న విషయం చెప్పాలి. బండి స్టేషన్‌లో ఉన్నా భన్సార్ రోజులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. గడువు అయిపోకముందే పోలీసుల దగ్గర ఒక లెటర్ తీసుకుని కస్టమ్స్‌కి ఇవ్వండి.

దేశంలో గొడవలు మొదలైతే

2025 సెప్టెంబరు గుర్తుందా? 4వ తారీఖు నుంచి నేపాల్ ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లని ఆపేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్, వాట్సాప్ అన్నీ. 8, 9 తారీఖుల్లో మన వయసు కుర్రాళ్లే రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి, పార్లమెంట్ భవనానికి నిప్పు పెట్టారు, ప్రధాని రాజీనామా చేశాడు. ఖాట్మండు ఎయిర్‌పోర్ట్ మూసేశారు, కర్ఫ్యూ పెట్టారు. అక్కడ ఇరుక్కున్న తెలుగువాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టింది.

ఇప్పుడు బైకర్ కోణంలో ఆలోచించండి. విమానం మిమ్మల్ని తెస్తుంది, మీ బండిని తేదు. బండి మీ పేరు మీద తాత్కాలికంగా దేశంలోకి వచ్చిందని అక్కడి కస్టమ్స్ దగ్గర రాసి ఉంది. చాలామంది ఏం చేస్తారు? బండి వదిలి రావడం ఇష్టం లేక, కర్ఫ్యూలో బోర్డర్ వైపు తోలుకుంటూ వెళ్తారు. తగలబడుతున్న టైర్ల మధ్యలో ఫారిన్ ప్లేట్ బండి మీద మీరు. దయచేసి ఆ పని చేయకండి. బండిని హోటల్ లోపల పెట్టి, చుట్టూ ఫోటోలు తీసి, హోటల్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా రసీదు తీసుకుని, మీరు లోపలే ఉండండి. కస్టమ్స్ ఫైన్ తర్వాత కట్టుకోవచ్చు. బైక్ మళ్లీ కొనుక్కోవచ్చు.

2015 సెప్టెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా బోర్డర్‌లో సరుకు ఆగిపోయినప్పుడు, నేపాల్‌లో పెట్రోల్‌కి, గ్యాస్‌కి నానా కష్టాలు పడ్డారు. ఇండియానే కారణం అని అక్కడ చాలామందికి కోపం ఉండేది. రెండు దేశాల మధ్య మాటలు పెరిగిన టైంలో మన ప్లేట్ మామూలు ప్లేట్ కాదు, అది జెండాలా కనిపిస్తుంది. అందుకే వెళ్లే వారం ముందు రోడ్డు, వాతావరణంతో పాటు అక్కడి వార్తలు కూడా చూడండి. టీ కొట్టు దగ్గర ఎవరైనా రాజకీయం మొదలుపెడితే నవ్వి, "మాకు తెలియదు దాజూ" అని లేచి రండి. దాజూ అంటే అన్నయ్య అని.

ఇందులో ఫోన్ గురించిన పాఠం కూడా ఉంది. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఇంట్లో షేర్ చేశాను, నేను సేఫ్ అనుకుంటాం. ఆ 2025 సెప్టెంబరు వారంలో వాట్సాపే లేదు. కాబట్టి అక్కడి సిమ్ ఒకటి తీసుకోండి, రోజూ రాత్రి ఫలానా టైంకి మామూలు కాల్ గానీ ఎస్ఎంఎస్ గానీ అని ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. 2024 మార్చి నుంచి నేపాల్ షాపుల్లో యూపీఐ పనిచేస్తోంది, మంచిదే. కానీ నెట్ లేని రోజున పెట్రోల్ బంకులో నోట్లే కావాలి. మన 100, అంతకంటే చిన్న నోట్లు పెట్టుకోండి. మన రూపాయికి వాళ్లవి 1.60, ఈ రేటు ఫిక్స్‌డ్.

పబ్లిక్‌గా లైవ్ లొకేషన్ మాత్రం పెట్టొద్దు. ఈ రాత్రి ఈ హోటల్, బైక్ బయటే ఉంది అని స్టోరీ పెడితే, ఫ్రెండ్స్‌తో పాటు దొంగకి కూడా అడ్రస్ ఇచ్చినట్టే. ఊరు దాటాక పోస్ట్ చేయండి. బోర్డర్ పోస్టులు, సైనికులు, చెక్‌పోస్టుల దగ్గర కెమెరా ఆపేయండి. డ్రోన్ తీసుకెళ్తే అనుమతి లేకుండా ఎగరేయొద్దు.

పోలీస్ ఆపితే

బండి పక్కకి తీసి, ఇంజన్ ఆపి, హెల్మెట్ తీయండి, ముఖం కనబడాలి. నమస్తే చెప్పండి. ముందు జెరాక్స్ ఇవ్వండి, అడిగితే ఒరిజినల్ చూపించండి. ఫైన్ అంటే "రసీదు ఇవ్వండి, కడతాను" అని మర్యాదగా అనండి. నిజమైన ఫైన్ అయితే రసీదు వస్తుంది. యూనిఫాం లేనివాడు ఆపి పాస్‌పోర్ట్, తాళం అడిగితే ఇవ్వకండి, "స్టేషన్‌కి పోదాం, అక్కడ చూపిస్తా" అనండి. నకిలీ పోలీసు స్టేషన్ పేరు చెప్పగానే జారుకుంటాడు.

నేపాల్ దాటి వెళ్తే

ఇరాన్ లాంటి దేశాల మీదుగా సొంత బైక్ తీసుకెళ్లాలంటే కార్నెట్ అనే పుస్తకం కావాలి. అది బండికి పాస్‌పోర్ట్ లాంటిది, ఏడాది చెల్లుతుంది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థలు ఇస్తాయి. పెద్ద మొత్తంలో గ్యారంటీ కట్టాలి. ప్రతి దేశంలో లోపలికి వెళ్లేటప్పుడు ఒక స్టాంప్, బయటికి వచ్చేటప్పుడు ఒక స్టాంప్. బయటి స్టాంప్ మర్చిపోతే బండి ఆ దేశంలోనే అమ్మేశారని లెక్క, పన్ను మీ గ్యారంటీ నుంచి పోతుంది. దీంతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఆర్టీఓ ఇస్తుంది, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది.

డల్లాస్, హ్యూస్టన్‌లో ఉండి ఈ ఎపిసోడ్ చూస్తున్న మనవాళ్లకి కూడా ఇదే లెక్క. టెక్సస్ ప్లేట్ బైక్ మీద మెక్సికో వెళ్తే, అమెరికాలోని మీ ఇన్సూరెన్స్‌ని అక్కడ గుర్తించరు, మెక్సికో కంపెనీ పాలసీ కొనాలి. బోర్డర్ జోన్ దాటి లోపలికి వెళ్లాలంటే బండికి తాత్కాలిక పర్మిట్, దానికి డిపాజిట్ ఉంటాయి. టైంకి బండి బయటికి రాకపోతే డిపాజిట్ పోతుంది. యాక్సిడెంట్‌లో బాధ్యత ఎవరిదో తేలేదాకా డ్రైవర్‌ని ఆపి ఉంచొచ్చు. దేశం మారింది, భాష మారింది, ప్లేట్ వెనక ఉండాల్సినవి మాత్రం అవే.

సరే, బురద పూద్దామన్న తమ్ముడికి, మిగతా అందరికీ ఒక పని అప్పజెప్తాను. ఈ రాత్రి మీ బైక్ పాలసీ పీడీఎఫ్ తెరిచి, "భౌగోళిక పరిధి" అన్న చోట ఏముందో చూడండి. ఇండియా అని మాత్రమే ఉంటే, రేపు పొద్దున్నే కంపెనీకి మెయిల్ పెట్టండి. ప్లేట్ మాత్రం శుభ్రంగా కడిగి పెట్టుకోండి, బోర్డర్‌లో నంబర్ చదవాలి కదా. జాగ్రత్తగా వెళ్లి, క్షేమంగా రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.